జాతర రెండేళ్లకు, బిల్లు నెలనెలా

మేడారంలో ఇల్లు కట్టేవాళ్ల లెక్కలన్నీ సమ్మక్క-సారలమ్మ జాతర చుట్టే తిరుగుతాయి. "వచ్చే జాతరకల్లా స్లాబు పడాలె", "జాతర పైసలొస్తే టైల్స్ వేద్దాం". మా ఇంట్లోనూ ఇవే మాటలు. ఏజెన్సీ భూమి, పైగా గిరిజనేతరుల పేరిట భూమి మారకుండా ఆపే 1/70 చట్టం. ఇక్కడి జాగా తాకట్టు పెట్టుకొని లోనివ్వాలంటే బ్యాంకులు వెనకాడతాయి. అందుకని చేతికొచ్చిన డబ్బు వచ్చినట్టే గోడయింది. భక్తులకు గదులు, వాకిలి అద్దెకిస్తే వచ్చేది మాకు పెద్ద మొత్తమే. కానీ అది రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. ఇంటికి పెట్టించాలనుకున్న ఫైబర్ నెట్ బిల్లు మాత్రం రెండు జాతరల మధ్య ఇరవై నాలుగు సార్లు వస్తుంది. ఆ బిల్లును జాతర పైసల మీద పెట్టకూడదని ముందే అనుకున్నాను.

మరి ఎక్కడినుంచి తేవాలి? ఫోన్ల దగ్గర మొదలుపెట్టాను. ఇంట్లో మూడు ఫోన్లు. 2024 జూలైలో కంపెనీలు రేట్లు పెంచాక, రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే మా 28 రోజుల ప్లాను 299 అయింది. 28 రోజులంటే నెల కాదు గనుక ఏడాదికి 13 రీఛార్జులు, ఒక్కో ఫోనుకు 3,887 రూపాయలు. అదే ఏడాది డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక డేటా లేని, మాటలకే పరిమితమైన ప్లాన్లు వచ్చాయి. అప్పట్లో 84 రోజులకు 469 చొప్పున ఏడాదికి రెండువేల చిల్లర. రెండు ఫోన్లు వాటికి మార్చితే 3,700 దాకా మిగిలాయి. ఫైబర్ ప్లాను 499, దానిమీద 18 శాతం జీఎస్టీ; ఏడాదికి 7,066. మిగిలింది పోగా మీదపడే భారం నెలకు 280. టీవీ డిష్ రీఛార్జి ఆపితే అదీ చాలావరకు తీరింది. ఇల్లు దాటి చిలకలగుట్ట దాకా పోతే డేటా లేక ఫోన్‌పే పనిచేయడం లేదని మా ఆవిడ ఇప్పటికీ గొణుగుతుంది. ఆ గొణుగుడును లెక్కలో వేయలేదు.

వైరెందుకు, డాబా మీద డబ్బా పెట్టే ఎయిర్ ఫైబర్ చాలదా అన్నారు కొందరు. అది సెల్ టవర్ నుంచే సిగ్నలు తీసుకుంటుంది. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. కోటికి పైగా జనం వచ్చే జాతరలో, తాత్కాలిక టవర్లు పెట్టినా అందరి ఫోన్లూ వాటి మీదే పడతాయి. మా సంపాదన రోజుల్లోనే నెట్ మొరాయిస్తే ఎందుకది? అందుకే వైరే అనుకున్నాం.

మేస్త్రి గట్టివాడు. "ప్లాస్టరింగు కాకముందే చెప్పుండ్రి సార్, లప్పం పెట్టినంక గోడ పగలగొడితే నన్ను తిట్టొద్దు" అన్నాడు. కరెంటు వైర్లకు దూరంగా ఫైబర్ తీగకు వేరే పైపు వేయించాను. లోపలిది గాజు పోగు కదా, మడత పడితే వెలుతురు కారిపోతుంది. అందుకని మూలల్లో ఎల్బో కాకుండా వెడల్పు వంపులు పెట్టించాను. బయటి గోడ దగ్గర పైపు మూతిని కిందికి వంచితే వాన నీళ్లు లోపలికి రావు. మొత్తం కొన్ని వందల ఖర్చు. ఇల్లు మొత్తంలో ఇంత చవగ్గా వచ్చిన వస్తువు ఇంకోటి లేదు.

ఏడాది డబ్బులు ఒకేసారి కడితే ఒక నెల ఉచితమన్నాడు కనెక్షన్ కుర్రాడు. "కట్టేద్దాం, ఎట్లైనా జాతర పైసలున్నయి కదా" అంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. తాడ్వాయి నుంచి మా దాకా సుమారు పధ్నాలుగు కిలోమీటర్ల దారి, చాలావరకు అడవే. 2024 ఆగస్టు 31న ఈ అడవిలోనే గాలివాన వేల చెట్లను కూల్చింది. యాభై వేల పైచిలుకని అధికారుల అంచనా. అలాంటి దారిలో చెట్ల కిందుగా వచ్చే తీగకు పన్నెండు నెలల డబ్బు ముందే ఇవ్వడమంటే, ఆ అడవి పూచీ నేను తీసుకున్నట్టే. ఒక నెల ఉచితం వదులుకుంటే పోయేది 589 రూపాయలు. అంతకే నా డబ్బు నా చేతిలో ఉంటుంది, లైను బాగాలేకపోతే తర్వాతి నెల ఆపేయొచ్చు. కోతులు తీగ కొరికే సంగతి వేరే చెప్పాలా!

2026 జనవరి జాతరకు గదుల్లో దిగినవాళ్లు మంచం కంటే ముందు వైఫై అడిగారు. విడిగా పైసలు తీసుకోవాలని మా ఆవిడ, అడగొద్దని నేను. చివరికి గది అద్దెలోనే కొంత కలిపాం. ఆ వచ్చినదాన్ని నెల బిల్లుకు ముట్టలేదు. కరెంటు పోయినా రౌటర్ నడిచేలా చిన్న బ్యాటరీ కొన్నాం. మిగిలింది బాత్‌రూం టైల్స్‌కు పోయింది.