బీర్‌గంజ్‌లో కారుకి రాసిచ్చిన గడువు

పశుపతినాథ్ దర్శనానికి జంషెడ్‌పూర్ నుంచి మా కారులోనే వెళ్దామనుకున్నాం. కదమాలో ఉన్న తెలుగువాళ్లందరిదీ ఒకటే మాట: "నేపాల్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదుగా, ఇంకేం కావాలి?" మనుషుల వరకు అది నిజమే. 1950 నాటి శాంతి, మైత్రి ఒప్పందం నాటి నుంచీ రాకపోకలకు అడ్డు లేదు. వీసా లేదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో దగ్గరుంటే చాలు. అరవై అయిదు దాటిన అమ్మకీ, పదిహేనేళ్లు నిండని పాపకీ ఆధార్ కూడా చెల్లుతుందని హోంశాఖ 2019లోనే చెప్పింది. మా ఆవిడా నేనూ మాత్రం ఓటరు కార్డులు పెట్టుకున్నాం.

బండి సంగతి వేరు. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ ఫైల్లో సర్దాను. కారు నా పేరునే ఉంది. వేరేవాళ్లదైతే యజమాని రాసిచ్చిన అనుమతి పత్రం కూడా ఉండాలి. వీటన్నిటికన్నా నేను పట్టుబట్టి చేయించుకున్నది ఇన్సూరెన్సు పొడిగింపు. మన మోటారు పాలసీ మామూలుగా దేశం లోపలికే. కొంచెం అదనంగా కడితే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు దాన్ని విస్తరిస్తారు. సరిహద్దులో ఈ కాగితాన్ని నన్నెవరూ అడగలేదు. అడగరనే చాలామంది వదిలేస్తారు. కొండదారిలో ఎదుటివాడికి దెబ్బ తగిలితే అతని కుటుంబానికి మనం ఏం సమాధానం చెబుతాం? అది లేకుండా ఎవరూ దాటకూడదని నా అభిప్రాయం.

రాంచీ, హజారీబాగ్, కోడర్మా మీదుగా రజౌలీ ఘాట్ దిగి పట్నాలో ఆగాం. మర్నాడు గంగ దాటి ముజఫర్‌పూర్, మోతీహారీ. 1917లో నీలిమందు రైతుల కోసం గాంధీజీ వచ్చిన చంపారన్ నేల అది. రక్సౌల్ దగ్గరపడేకొద్దీ దారి పొడుగునా లారీలే. వాటిలో ఎన్నో మా ఊరి టాటా లారీలు.

సరిహద్దు గేటు కింద నుంచి జనం సంచులు పట్టుకుని, రిక్షాలెక్కి, అటూ ఇటూ పోతూనే ఉన్నారు. అమ్మని ఒక్కరూ పలకరించలేదు. కారు మాత్రం బీర్‌గంజ్ వైపు భన్సార్ (కస్టమ్స్) కార్యాలయం దగ్గర ఆగింది. ఆర్సీ, లైసెన్సు చూపించి, ఎన్నాళ్లుంటామో చెప్పి, రోజుల లెక్కన నేపాలీ రూపాయల్లో సుంకం కట్టాలి. అప్పుడు బండి నంబరు, గడువు తేదీ ఉన్న చీటీ ఇస్తారు. ట్రాఫిక్ అనుమతి ఇంకో కాగితం. చుట్టూ చేరిన దళారులను వద్దని వరుసలో నిలబడ్డాను.

"నన్నెవరూ ఏమీ అడగలేదు గానీ, కారుకేంట్రా ఇన్ని కాగితాలు?" అంది అమ్మ.

"మనం ఇక్కడే ఉండిపోయినా వాళ్లకి నష్టం లేదమ్మా, కారు ఉండిపోతే నష్టం" అన్నాను. నేపాల్‌లో కార్ల మీద సుంకం చాలా ఎక్కువ. గడువే లేకపోతే మన బండ్లు సుంకం కట్టకుండా అక్కడే తిరుగుతాయి, చేతులు కూడా మారతాయి. అందుకే ఏడాది మొత్తం మీద మన కారు అక్కడ ముప్ఫై రోజులకు మించి ఉండకూడదు. వాహనాల రాకపోకలు సులువు చేద్దామని 2015 జూన్‌లో థింపూలో భారత్, భూటాన్, నేపాల్, బంగ్లాదేశ్ ఒప్పందం రాసుకున్నాయి. మరుసటి ఏడాది భూటాన్ ఎగువ సభ దాన్ని కాదంది. కాబట్టి ఇప్పటికీ ఏ గేటు కాగితం ఆ గేటుదే.

అవసరం కంటే ఒకరోజు ఎక్కువ రాయించమని మా ఆవిడ అంది. రాయించాను. కొండదారుల్లో ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. తీరా తిరుగు ప్రయాణంలో మట్టి జారి దారి ఆగిపోయింది. లారీల వెనక రాత్రంతా కారులోనే గడిపాం. బీర్‌గంజ్‌లో చీటీ చూసినాయన తేదీ దగ్గర వేలు పెట్టి, "ఆజ్ హీ ఆఖిరీ దిన్ హై" అని గేటు వైపు చెయ్యి చూపించాడు.