చెప్పకుండా పంపిన ఇళ్లు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి యూసుఫ్‌గూడ వైపు దిగితే వెంకటగిరి, కృష్ణానగర్, ఇందిరానగర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియదు. తెల్లవారకముందే అక్కడ రోడ్డు నిండిపోతుంది. షూటింగుకి తీసుకెళ్లే వ్యాన్ల కోసం లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, సెట్ పనివాళ్లు టీ బండ్ల చుట్టూ నిలబడి ఉంటారు. వాళ్ల పక్కనుంచే బట్టల సంచులు భుజాన వేసుకుని కొందరు ఆడవాళ్లు నడిచిపోతుంటారు. రాత్రి డ్యూటీ దిగి వస్తున్నవాళ్లు కొందరు, పగటి డ్యూటీకి కొండ ఎక్కుతున్నవాళ్లు కొందరు. జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో మంచాన పడ్డ పెద్దవాళ్లకు ఒళ్లు తుడిచేది, డైపర్లు మార్చేది, ముక్కులో వేసిన గొట్టంలోంచి గంజి పోసేది, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పేది వీళ్లే. ఆసుపత్రిలో నలుగురు పంచుకున్న పని, డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ఒక్క మనిషి మీద పడుతుంది.

వాళ్లను పంపే ఒక నర్సింగ్ బ్యూరోకి వెళ్లాను. సందులో మూడంతస్తుల ఇల్లు. కింద ఆఫీసు, మధ్యలో ఆడవాళ్ల హాస్టలు, పైన రేకుల షెడ్డులో ట్రైనింగు. బ్యూరో పేరు రాయడం లేదు. నడిపే ఆయన నాతో దాపరికం లేకుండా మాట్లాడాడు. పైగా అక్కడ విన్నది ఆ ఒక్క బ్యూరో సంగతి కాదు. ఆ హాస్టలు మంచాల మీద పడుకునే ఆడవాళ్లు ఇప్పటికే రెండు మూడు బ్యూరోలు మారి వచ్చినవాళ్లు. అన్నిచోట్లా ఇదే తంతు అన్నారు.

ఆఫీసు గోడకి తెల్లబోర్డు ఉంది. దానిమీద నడుస్తున్న కేసులు రాసి ఉన్నాయి. ఈ పనిలో పేషెంటుని కేసు అంటారు. కేసు ఎక్కడం, కేసు దిగడం, కేసు మార్చడం. బోర్డులో రోడ్డు నంబరు, మగా ఆడా, వయసు, 12 గంటలా 24 గంటలా, జబ్బు, పంపిన మనిషి పేరు. వరుసలన్నీ చదివాను. పక్షవాతం, తుంటి ఆపరేషన్, షుగరు, మతిమరుపు. చెయ్యి చేసుకుంటాడని గాని, అంతకుముందు వెళ్లినవాళ్లు ఎందుకు మానేశారని గాని రాసే గడి ఒక్కటీ లేదు.

హాస్టల్లో మొదట మాట్లాడినామెది కోనసీమ. కువైట్‌లో ఏళ్లపాటు ఇంటిపని చేసి వచ్చి, ఇప్పుడు ఇక్కడ పేషెంట్లను చూసుకుంటోంది. ముంజేయి చూపించింది. పళ్లు దిగిన మచ్చ.

"మతిమరుపు అన్నారండి. అంతవరకే చెప్పారు. పగలంతా ఆయన బంగారం. అన్నం పెడితే తినేవోరు, పాత సంగతులు చెప్పేవోరు. దీపాలెట్టే వేళయ్యేసరికి మనిషి మారిపోయేవోరు. నేనెవరో దొంగనని, ఇంట్లో జొరబడ్డానని కర్ర తీసుకునేవోరు. తర్వాత ఆ ఇంటి వంటామె చెప్పింది, నా ముందు వెళ్లినామెకి వేలు విరిగిందంట."

సాయంత్రాలు అలా రెచ్చిపోవడం డిమెన్షియాలో తెలిసిన లక్షణమే. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా కట్టింది. ఆ ముసలాయన వైపు నుంచి చూస్తే, ఎవరో తెలియని మనిషి స్నానాలగదిలోకి తీసుకెళ్లి బట్టలు విప్పుతోంది. భయపడ్డాడు, కొట్టాడు. కోనసీమామెకి ఇదంతా మనకంటే బాగా తెలుసు. "ఆయన మీద నాకు కోపం లేదండి. ఆయనకేం తెలుసు పాపం. తెలిసుండి చెప్పనోళ్ల మీదండి నా కోపం" అంది.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ పనిలో రెండు రకాల దెబ్బలున్నాయి. ఒకటి జబ్బు కొట్టించే దెబ్బ. దానికి ముందు జాగ్రత్త కావాలి, శిక్షణ కావాలి, పక్కన రెండో మనిషి కావాలి. రెండోది ఒంట్లో ఏ జబ్బూ లేనివాడు కొట్టే దెబ్బ, వేసే చెయ్యి. అది నేరం. బ్యూరో దగ్గర రెండింటికీ ఒకటే జవాబు: "పేషెంటు ఇల్లు కదమ్మా, సర్దుకో."

రెండో రకం సంగతి ఖమ్మం వైపు నుంచి వచ్చిన అమ్మాయి చెప్పింది. పాతికేళ్లు కూడా ఉండవు. ఫిల్మ్‌నగర్ కొండ మీద ఇల్లు. పేషెంటు మామ్మగారు, కదల్లేని మనిషి. ఆవిడ కొడుకు తాగి వచ్చేవాడు. మొదట్లో తల్లిని చూసిపోయే నెపంతో గదిలో నిలబడేవాడు. ఒక రాత్రి తలుపు గడియ వేశాడు. అమ్మాయి తోసుకుని బయటికి వచ్చి వంటింట్లో తలుపేసుకుని ఆఫీసుకి ఫోన్ చేసింది.

"పొద్దున చూద్దాం, రాత్రిపూట లొల్లి చెయ్యకు అన్నరు. గేటు దాటి పోదామంటే వాచ్‌మన్ సారుని అడగాలన్నడు. పొద్దుగాల వచ్చి తీస్కపోయిన్రు. నా జీతం ఆ ఇంటోళ్లు ఇయ్యలే. ఎక్కువ మాట్లాడితే గొలుసు పోయిందని కేసు పెడతమన్నరు." ఇంతవరకు గట్టిగానే చెప్పింది. తర్వాత చేత్తో పక్క మంచాన్ని తట్టింది. "ఈ మంచం మీద పండే పిల్లనే పంపిన్రు అక్కా, నా బదులు. దానికి ఏం చెప్పలే. నేను ఊరికి పోయిన, నాకు తెల్వలే."

బదులు మనిషిని పంపడాన్ని బ్యూరోలో రీప్లేస్‌మెంట్ అంటారు. ఇంటివాళ్లకి ఇచ్చే మొదటి హామీ అదే: మనిషి మానేస్తే వెంటనే మరో మనిషి. ఆ హామీ నిలబడాలంటే రెండో మనిషికి నోరు విప్పి ఏమీ చెప్పకూడదు. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే క్రూరంగా తోచింది ఇదే. కొట్టినవాడు ఒకసారి కొడతాడు. ఆ ఇంటి గురించి తెలిసినదాన్ని దాచిపెట్టడం వల్ల వరసగా ఒకరి తర్వాత ఒకరు దెబ్బ తింటారు.

పైన ట్రైనింగు జరుగుతోంది. చెప్పేది ఒక రిటైర్డ్ నర్సమ్మ. బ్యూరో ఆమెకి ఇచ్చిన పని మంచం మీది మనిషిని వీల్‌చైర్లోకి మార్చడం, బీపీ చూడటం, యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం. ఆమె వాటితో ఆగలేదు. మందులు, లెక్కలు పక్కనపెట్టి, "ఇప్పుడు మిమ్మల్ని మీరు కాపాడుకునేది" అని లేచి నిలబడింది. జుట్టు ముడి వేసుకోండి, జడ వదలొద్దు. చున్నీ మెడకి చుట్టుకోవద్దు, నడుముకి కట్టండి. వెనకనుంచి వెళ్లి ముట్టుకోవద్దు, ఎదురుగా వచ్చి పేరు చెప్పి, చెయ్యి చూపించి, అప్పుడు తాకండి. తలుపు ఎప్పుడూ మీ వెనకే ఉండాలి, పేషెంటు వెనక కాదు. ఆయన ఇది మా ఇల్లు కాదు అంటే, మీ ఇల్లే అని వాదించొద్దు. స్నానానికి మొరాయిస్తే ఈ పూట మానేసి ఒళ్లు తుడవండి, ఎవరూ చచ్చిపోరు.

మణికట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో ఆ ఖమ్మం అమ్మాయి చెయ్యి పట్టుకునే చూపించింది. వెనక్కి గుంజకూడదు. పట్టుకున్నవాళ్ల బొటనవేలు వైపు చెయ్యి తిప్పితే పట్టు వదులుతుంది. ముసలివాళ్ల చర్మం చిరగదు, వేళ్లు విరగవు, మన చెయ్యి మనకి వస్తుంది. అందరూ జంటలుగా నిలబడి చేశారు. తనని కొట్టిన మనిషికి కూడా దెబ్బ తగలకుండా విడిపించుకోవడం నేర్చుకుంటున్న ఆ గదిలో నాకు కడుపు తరుక్కుపోయింది.

"రెచ్చిపోతాడని తెలిసిన పేషెంటుకి ఒక్కరే స్నానం చేయించొద్దు. ఇద్దరు కావాలని అడగండి" అంది నర్సమ్మ. "ఇద్దరికీ డబ్బులెవరిస్తారమ్మా?" అని వెనకనుంచి ప్రశ్న. ఆమె దగ్గర జవాబు లేదు, కింద ఆఫీసులో అడగమంది.

కింద యజమానిని అడిగాను. ఆయన ఒకప్పుడు వార్డుబాయ్‌గా చేశాడు, పని కష్టం తెలియనివాడేం కాదు. "మేడం, ఆ ఇంటాయన కొడతాడా అని నేనడిగితే వాళ్లు ఫోన్ పెట్టేసి పక్క సందులో బ్యూరోకి చేస్తారు. వాడేం అడగడు. నా కేసు పోతుంది, ఈ ఆడోళ్ల కూడూ పోతుంది." ఆయన చెప్పింది నిజమే. నిజం కాబట్టే ఇది ఒక్క యజమాని మంచితనానికి వదిలేయాల్సిన సంగతి కాదు.

ఆ ఖమ్మం అమ్మాయిని ఆపిన వాచ్‌మన్‌నే తీసుకోండి. అతన్ని పంపే సెక్యూరిటీ ఏజెన్సీకి 2005 నాటి కేంద్ర చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, అతనికి శిక్షణ ఇవ్వాలి. గేటు బయట నిలబడే మనిషికి ఆ చట్టం ఉంది. గేటు లోపలికి, పడకగది దాకా వెళ్లే మనిషిని పంపే బ్యూరోకి అలాంటి ప్రత్యేక లైసెన్సు చట్టం మన దగ్గర లేదు. ఇళ్లలో పనికి మనుషుల్ని పంపే ఏజెన్సీల మీద ఛత్తీస్‌గఢ్ 2013లోనే చట్టం చేసుకుంది.

ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో చట్టం చేసింది. మూడేళ్ల దాకా జైలు, బెయిలు దొరకని నేరం. కాని అది వైద్యసంస్థలకు. 2024 సెప్టెంబరులో గాంధీ ఆసుపత్రి క్యాజువాలిటీలో జూనియర్ డాక్టరమ్మ మీద ఒక రోగి పడితే, చుట్టూ ఉన్నవాళ్లు ఉరికివచ్చి విడిపించారు. ఇంట్లో ఆ చట్టమూ లేదు, ఉరికివచ్చే నలుగురూ లేరు.

లైంగిక వేధింపుల విషయంలో మాత్రం చట్టం ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. వాటిని అరికట్టే 2013 నాటి కేంద్ర చట్టం ఇంటిని కూడా పనిస్థలమనే అంటుంది. ఏజెన్సీ ద్వారా ఇంటిపనికి వెళ్లినా సరే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట యజమాని అంతర్గత కమిటీ వేయాలి. వేధించినవాడు తన ఉద్యోగి కాకపోయినా, ఆమె కోరితే అతని మీద కేసు నడిచేలా చూడటం యజమాని బాధ్యత అని 19వ సెక్షన్ చెబుతోంది. నేనీ మాట హాస్టల్లో చెబితే అందరూ నా మొహం చూశారు. వాళ్లెవరికీ ఈ చట్టం పేరు తెలియదు. యజమానికీ తెలియదు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలని చెప్పగానే ఖమ్మం అమ్మాయి వేళ్లమీద లెక్కపెట్టుకుంది.

ఆ సందులోనే అద్దెకుండే ఒకామె భర్త లైట్‌మన్. అతనికి యూనియన్ కార్డుంది. 2025 ఆగస్టులో కూలి పెంచాలని సినిమా 24 క్రాఫ్టుల వాళ్లు పని ఆపితే షూటింగులు నిలిచిపోయాయి, సంగతి ముఖ్యమంత్రి దాకా వెళ్లింది, కూలి పెరిగింది. అదే సందులో పడుకునే ఈ ఆడవాళ్లకు ఏ కార్డూ లేదు. వీళ్లు పని ఆపితే ఒక ముసలి ప్రాణం పక్క తడిసి అలాగే పడుంటుంది, వీళ్ల చేత ఆ పని ఆపించలేం. అలాగని కార్డు ఉన్నంత మాత్రాన ఆడవాళ్లకు రక్షణ వస్తుందనీ నేను అనను. 2018 ఏప్రిల్‌లో ఫిల్మ్ ఛాంబర్ ముందు నటి శ్రీరెడ్డి వేధింపులపై నిరసన తెలపడం, సినిమారంగంలో వేధింపుల మీద 2019లో ప్రభుత్వం వేసిన ఉపసంఘం 2022లో నివేదిక ఇవ్వడం, కేరళలో ఇలాంటిదే హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చాక ఆ ఉపసంఘం నివేదికను కూడా బయటపెట్టమని 2024లో నటి సమంత అడగాల్సి రావడం, అన్నీ ఈ కొండమీది సినిమా పరిశ్రమ సంగతులే.

2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్లకు ప్రత్యేక చట్టం అవసరమా అని పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఏజెన్సీ ద్వారా డెహ్రాడూన్‌లో ఒక ఇంటికి చేరి, అక్కడ తాళం వేసిన ఇంట్లో చిక్కుకున్న ఛత్తీస్‌గఢ్ మహిళ కేసులో వచ్చిన తీర్పు అది. ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు ఉజ్జల్ భూయాన్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. పనిలో హింస, వేధింపుల మీద 2019లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను మన దేశం ఇంకా ఆమోదించలేదు.

చట్టం వచ్చేదాకా ఆగకుండా ఈ ఆడవాళ్లు సొంతంగా ఒక పని మొదలుపెట్టారు. కోనసీమామె దిండు కిందనుంచి పాత క్యాలెండరు కాగితం తీసింది. వెనకవైపు బాల్‌పెన్నుతో రాసుకున్న ప్రశ్నలు. పేషెంటు కొడతారా, కొరుకుతారా? ఏ వేళలో? ముందు చేసినామె ఎందుకు మానేసింది, ఆమె ఫోన్ నంబరు ఇస్తారా? నేను పడుకునే గదికి లోపలి గడియ ఉందా? ఇంటికి వెళ్లిన మొదటి పూటే ఇవి అడగాలని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. ఆఫీసు ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు, కాదని చింపనూ లేదు.

నేనుండగానే కింద ఫోన్ మోగింది. రోడ్డు నంబరు 36 వైపు కేసు. మగ, 81, 24 గంటలు. యజమాని వివరాలు రాసుకుని పైకి కేకేశాడు. కోనసీమామె దిగి వచ్చి, ఫోన్ పెట్టేయకముందే చెయ్యి చాచి అడిగి తీసుకుంది.

"నమస్కారమండి. వచ్చేది నేనేనండి. నాన్నగారు చెయ్యి చేసుకుంటారాండి?"

అవతలినుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆడగొంతు, సంకోచిస్తూ, అప్పుడప్పుడూ, ఎక్కువగా సాయంత్రాలు అంది.

"చెప్పారు, మంచిదండి. మరి సాయంత్రం పూట ఇంట్లో ఇంకెవరుంటారండి?"