పెడల్ కొనాలా? కొంటే ఎలాంటిది కొనాలి?



ఈ శనివారం సార్ విశాఖపట్నం వెళ్తున్నారు. మన డబ్బాలో పోగైన డబ్బులకు ఒక్క వస్తువే వస్తుంది. సగం మంది వాలీబాల్ అన్నారు, సగం మంది కీబోర్డుకు పెడల్ అన్నారు. "బంతి అయితే అందరం ఆడతాం, పెడల్ అయితే ఒక్కర్తే తొక్కుతాది కదా" అని ఒక అక్క అడిగింది. అడగవలసిన మాటే. ఆ డబ్బాలో ఆరో తరగతి చెల్లెళ్ళు బిస్కెట్లు మానుకుని వేసిన రూపాయలు కూడా ఉన్నాయి. అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను. చదివి మీరే ఆలోచించండి.

మొదట పెడల్ అంటే ఏటో చెప్తాను. మన మెస్ దగ్గర వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కొడితే చాలాసేపు మోగుతుంది. కొట్టిన వెంటనే చేత్తో పట్టుకుంటే మోత టక్కున ఆగిపోతుంది. పియానోలో జరిగేది కూడా ఇదే. పియానోను సుమారు 1700 సంవత్సరంలో ఇటలీ దేశంలో క్రిస్టోఫరి అనే ఆయన తయారుచేశాడు. దాని లోపల తీగలు ఉంటాయి. మెట్టు నొక్కితే చిన్న సుత్తి వెళ్ళి తీగను కొడుతుంది. వేలు తీస్తే ఒక మెత్తటి దిమ్మ తీగ మీద పడి మోత ఆపుతుంది. ఇప్పటి పియానోలో కుడివైపు పెడల్ తొక్కితే ఆ దిమ్మలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. అప్పుడు వేలు తీసినా తీగ మోగుతూనే ఉండి మెల్లగా తగ్గుతుంది.

మన కీబోర్డులో తీగలు లేవు, సుత్తులు లేవు. దానికి పెడల్ అంటే కాలితో నొక్కే ఒక స్విచ్ మాత్రమే. తొక్కితే "ఆపకు" అని, వదిలితే "ఇక ఆపు" అని కీబోర్డుకు చెప్తుంది. అంతే.

అది మనకు ఎందుకు? ప్రార్థనలో చెయ్యి ఒక చోటి నుండి ఇంకో చోటికి జరిగేటప్పుడు మధ్యలో శబ్దం తెగిపోతుంది. ఆ ఖాళీలో పాడేవాళ్ళం తడబడతాం, వెనక వరుసవాళ్ళు ఒక శ్రుతి, ముందు వరుసవాళ్ళు ఒక శ్రుతి. పదో తరగతి అక్క చెయ్యి పెద్దది. ఆమె వేళ్ళతోనే తెగకుండా కలిపేస్తాది. ఆ అక్క ఏప్రిల్ నెలలో వెళ్ళిపోతుంది. తరువాత వాయించవలసింది ఏడో తరగతి చెల్లెళ్ళు. వాళ్ళ బొటనవేలు కింది 'స' మీద పెడితే చిటికెన వేలు పై 'స' కు అందదు. పెడల్ ఉంటే కింది స్వరం కాలు పట్టుకుని ఉంటుంది, చెయ్యి పైకి వెళ్ళగలదు. తొక్కేది ఒక్కర్తే, నిజమే. కాని పాడేది మనమందరం. అక్క వెళ్ళాక వాయించేవాళ్ళు లేక కీబోర్డు బీరువాలోకి పోతుందేమో అని నాకు భయంగా ఉంది.

పక్క పాఠశాలవాళ్ళు ఒక పెడల్ అరువు ఇచ్చారు కదా, అది చాలదా అని కొందరు అంటున్నారు. దాన్ని పెట్టి చూశాం. తొక్కితే శబ్దం ఆగుతుంది, వదిలితే మోగుతూనే ఉంటుంది. అంతా తిరగబడి ఉంది. చిన్న గుంటలు "దీనికి దెయ్యం పట్టింది" అన్నారు. ఫిజిక్స్ మేడమ్ నవ్వి, రెండు సెల్లులు, టార్చి బల్బు, తీగ తెచ్చి ఆ పెడల్ పిన్నుకు కలిపించారు. ఒక తీగ పిన్ను కొనకు, ఒక తీగ నల్ల గీతకు అవతల ఉన్న భాగానికి. పెడల్ తొక్కకుండానే బల్బు వెలిగింది. తొక్కితే ఆరిపోయింది. అంటే దాని స్విచ్ ఎప్పుడూ మూసే ఉంటుంది, తొక్కితే తెరుచుకుంటుంది. మన కీబోర్డు కాసియో. దానికి ఎప్పుడూ తెరిచి ఉండి, తొక్కితే మూసుకునే స్విచ్ కావాలి. యమహా పెడళ్ళు మామూలుగా మూసి ఉండే రకం. పెడల్ చెడిపోలేదు, దెయ్యమూ లేదు, రెండు కంపెనీల పద్ధతి వేరు. విప్పి తీగ మార్చుదామంటే అది మన వస్తువు కాదు.

కొన్ని కీబోర్డులు స్విచ్ వేసిన క్షణంలో పెడల్ ఏ రకమో అవే చూసుకుంటాయి. వాటికి ముందు పెడల్ పెట్టి, తరువాత స్విచ్ వెయ్యాలి. వేసేటప్పుడు కాలు పెడల్ మీద ఉండకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. మనది అలా చూసుకునే రకం కాదు, ప్రయత్నించి చూశాం.

ఇక దుకాణంలో ఏమి చూడాలో చెప్తాను.

ఒకటి, పిన్ను. ఇయర్‌ఫోన్ పిన్ను 3.5 మిల్లీమీటర్లు. మనకు కావలసింది లావుది, 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం.

రెండు, పిన్ను మీద నల్ల గీతలు. మామూలు స్విచ్ పెడల్‌కు ఒక గీత ఉంటుంది. రెండు గీతలుంటే అది వాల్యూమ్ పెడల్ కావచ్చు, అడగాలి. వాల్యూమ్ పెడల్ కాలు తీసినా ఎక్కడిదక్కడే ఉంటుంది. మనది వదలగానే పైకి లేవాలి.

మూడు, ఆకారం. చిన్న డబ్బాలాంటిది చవక, కాని తేలిక. మనం చెప్పులు విప్పి వాయిస్తాం. నున్నటి గచ్చు మీద అది జారి బల్ల కిందకి పోతుంది, వాయించే పిల్ల కాలితో వెతుక్కోవాలి. పొడవాటి ఇనుప నాలుక ఉన్నది బరువుగా ఉంటుంది, కింద రబ్బరు ఉంటుంది. అదే మంచిది.

నాలుగు, అడుగున చిన్న మీట. దాన్ని జరిపితే తెరిచిన రకం మూసిన రకమవుతుంది. అది ఉన్న పెడల్ రేపు ఏ కీబోర్డు వచ్చినా పనికొస్తుంది.

సగం తొక్కితే సగం మోగే ఖరీదైన పెడళ్ళు కూడా ఉన్నాయి. మన కీబోర్డుకు ఉంది, లేదు అనే రెండు మాటలే అర్థమవుతాయి. వాటికి డబ్బు దండగ.

పెడల్ వస్తే ఊరికే తొక్కి ఉంచకూడదు. స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అంబలి అయిపోతాయి. పాటలో స్వరం మారినప్పుడల్లా కాలు ఎత్తి మళ్ళీ తొక్కాలి. ఆర్గన్ శబ్దం పెట్టినప్పుడైతే తొక్కినంతసేపు అసలు తగ్గదు. ఇంకో మాట. థింసా పాటకు మోరిలాంటి శబ్దం పెట్టి వాయిస్తాం కదా, అక్కడ పెడల్ వద్దు. మోరి మనిషి ఊపిరితో నడుస్తాది. ఊపిరి తీసుకున్న చోట ఆగాలి. అక్కడ ఆగకపోతే మన పెద్దలకు అది మోరిలా వినబడదు.

సార్‌కు ఇవ్వడానికి చీటీ రాసి పెట్టాను: "కాసియో కీబోర్డుకు సస్టెయిన్ పెడల్. పావు అంగుళం పిన్ను, ఒక నల్ల గీత. పొడవు నాలుక, బరువైనది, కింద రబ్బరు. అడుగున మార్చే మీట ఉండాలి. దుకాణంలో కాసియో మీద పెట్టి వాయించి చూసి తీసుకోవాలి." ఏదైనా ఒకటేలే అని దుకాణంవాళ్ళు అంటే సార్ ఈ చీటీ చూపిస్తారు.

శుక్రవారం స్టడీ అవర్ తరువాత చేతులెత్తే కార్యక్రమం ఉంది. బంతి వైపు ఎత్తినా నాకు కోపం లేదు. పెడల్ వైపు ఎక్కువ చేతులు లేస్తే, నేర్చుకుంటామన్న ఏడో తరగతి చెల్లెళ్ళు ఆదివారం మధ్యాహ్నం నా దగ్గరికి బేగి రండి. కాళ్ళు కడుక్కుని రండి.

ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
మీ సోదరి,
తొమ్మిదవ తరగతి