మేడమీద సీటు

విమానంలో తలుపు వేసుకుని వేణ్ణీళ్ళతో స్నానం చేశానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "రైల్లోనే కుళాయి తిప్పితే గాలి వస్తుంది, విమానంలో స్నానమేమిటి, చోద్యం కాకపోతే!" అని పక్కింటి వదినగారు బుగ్గన వేలేసుకున్నారు. మీరూ నమ్మకపోతే నేనేం అనుకోను. కానీ ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఇది నిజం.

న్యూయార్కు నుంచి దుబాయి వచ్చే ఎమిరేట్స్ వారి ఎ380 విమానం రెండంతస్తులది. కింద మనలాంటి వాళ్ళ సీట్లు. మేడమీద ముందువైపు ఫస్ట్ క్లాసు, దాని వెనక బిజినెస్ క్లాసు. ఫస్ట్ క్లాసులో సీట్లు మొత్తం 14. ఆ పధ్నాలుగు మందికీ కలిపి రెండు స్నానాల గదులు. వాటిలో ఒకదాంట్లో నేను స్నానం చేశాను. నాబోటిదానికి ఆ సీటు ఎలా దక్కిందని మీకు అనుమానం రావాలి. అక్కడికే వస్తున్నాను.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తోంది. కిందటేడు తొలికాన్పు. తొలికాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. పిల్లలు అమెరికాలో వుంటే మాత్రం పుట్టిల్లే మూటాముల్లే సర్దుకుని అక్కడికి కదలాలి. మావారికి మోకాళ్ళ నొప్పులు, అంతసేపు కూర్చోలేరు. అందుకని నేనొక్కదాన్నే, మామూలు సీట్లో, వరసకి పదిమంది కూర్చునేచోట, ఇద్దరి మధ్యన ఇరుక్కుని వెళ్ళాను. దిగేసరికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు.

అక్కడ ఎందుకు మన అవసరం అంత పడుతుందో తెలుసా? మన దేశంలో 2017 నుంచి, పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట, మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల సెలవు, జీతంతో సహా ఇవ్వాలి. అమెరికాలో దేశమంతటికీ వర్తించే చట్టం 1993లో వచ్చింది. అది ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. కంపెనీ చిన్నదైతే అదీ లేదు. న్యూజెర్సీలాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం బీమా కింద కొంత డబ్బు ఇస్తాయి. మొత్తానికి మా మనవరాలికి మూడో నెల నిండుతూనే వాళ్ళమ్మ ఆఫీసుకి వెళ్ళిపోయింది. పాపకి నలుగు పెట్టడం, నీళ్ళు పోయడం, ఉగ్గిన్నెతో పాలు పట్టడం, బాలింతకి పథ్యం వండటం, సాయంత్రం అల్లుడుగారు వచ్చేసరికి కాఫీ, రాత్రికి రొట్టెలు... అయిదున్నర నెలలు ఎలా గడిచాయో నాకే తెలీదు.

ఒకరోజు అక్కడి ఇండియన్ కొట్లో మా అమ్మాయీ నేనూ కరివేపాకు ఏరుకుంటుంటే ఒక తెలుగావిడ కలిసింది. ఆవిడా నాలాగే పురుడు పోయడానికి వచ్చింది. "ఏం చేస్తామండీ, మనం జీతంలేని ఆయాలం" అని నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. కార్లో ఇంటిదాకా ఒక్కమాట మాట్లాడలేదు.

వారం తిరిగాక అల్లుడుగారు వచ్చి, "అత్తయ్యగారూ, మీ రిటర్న్ టికెట్టు రద్దు చేసి ఫస్ట్ క్లాసు తీసుకున్నాను. డబ్బు పెట్టలేదు లెండి, మైళ్ళు" అన్నాడు. ఈ మైళ్ళ సంగతి కొందరికి తెలియకపోవచ్చు. ఒకే కంపెనీ విమానాల్లో తరచూ తిరిగేవాళ్ళ ఖాతాలో, తిరిగిన దూరాన్నిబట్టీ టికెట్టునిబట్టీ పాయింట్లు జమవుతాయి. కిరాణా కొట్లో కూపన్లు దాచుకున్నట్టే. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం.

నేను వంటింటి మనిషిని, లెక్క వెయ్యకుండా వుంటానా? "ఇన్ని మైళ్ళతో మామూలు సీట్లయితే ఎందరు రావచ్చు బాబూ?" అని అడిగాను. వాళ్ళిద్దరూ హాయిగా ఇండియా వచ్చి వెళ్ళొచ్చట. నాకు పుట్టెడు కోపం వచ్చింది. మనవరాలిని తాతగారు ఇంకా ఫోన్లోనే చూస్తున్నారు. నాకు ఒక రాత్రి మెత్తటి పడక కోసం అన్నీ తగలేస్తారా? అదీగాక ఆ కొట్లో ఆవిడ అన్న మాట నా మనసులో ముల్లులా వుంది. "ఇది నా జీతమా ఏమిటే?" అని అమ్మాయిని అడిగేశాను.

అది కళ్ళు తుడుచుకుని, "మైళ్ళుంటే సరిపోదమ్మా. నా సెలవులన్నీ పురిటికే అయిపోయాయి. వచ్చే ఏడాదిదాకా కదల్లేను. సెలవు కొనుక్కోలేను, నీకు సీటు కొనగలను. వచ్చేటప్పుడు నీ కాళ్ళు చూశాను" అంది.

ఇంక నేనేం మాట్లాడతాను?

విమానం ఎక్కాక నా సీటు చూపించారు. సీటు అనకూడదు, చిన్న గది. పక్కకి జరిగే తలుపు, అద్దం, దీపం, మీట నొక్కితే పైకిలేచే సీసాల పెట్టె. మా పెళ్ళయిన కొత్తలో కాపురం పెట్టిన ఇంట్లో వంటిల్లు ఇంతకంటే పెద్దదేం కాదు. ముందుగా ఖర్జూరం, పిడిలేని బుల్లి కప్పులో అరబ్బు కాఫీ ఇచ్చారు. పాలూ చక్కెరా లేని లేత రంగు కాఫీ, ఏలకుల వాసన. మన ఫిల్టరు కాఫీ తాగేవాళ్ళకి అది కషాయమే, కానీ ఖర్జూరం కొరుక్కుంటూ తాగితే బాగానే వుంది.

ఆ తర్వాత ఎయిర్ హోస్టెస్ అమ్మాయి పక్కన మోకాళ్ళమీద కూర్చుని, మెనూ పుస్తకం చేతికిచ్చి, "మీరు ఎప్పుడు భోంచేస్తారు మేడమ్?" అని అడిగింది. కింది అంతస్తులో బండి వచ్చినప్పుడే తినాలి. ఇక్కడ అలా కాదు, మనకి ఎప్పుడు కావాలంటే అప్పుడు పెడతారు.

నాకు జవాబు తోచలేదండీ. నవ్వకండి. పెళ్ళయి 38 ఏళ్ళు. అత్తమామల భోజనాలు, మావారి క్యారేజీ, పిల్లల స్కూలు, అందరివీ అయ్యాక గిన్నె అడుగున ఏం వుందో చూసుకుని తినే అలవాటు. నా ఆకలికి ఒక వేళ వుందన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. మీలో ఎంతమంది తడుముకోకుండా చెప్పగలరో నాకు రాయండి. చివరికి "రెండు గంటల తర్వాత" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక. ఆ అమ్మాయి రాసుకుంది. సరిగ్గా రెండు గంటలకి తెల్లటి గుడ్డ పరిచి, పింగాణీ పళ్ళెంలో అన్నం, పప్పు, పనీరు కూర, పెరుగు పెట్టింది. శాకాహారమని అల్లుడు ముందే చెప్పి వుంచాడు. మీరూ వెళ్ళేటట్టయితే కనీసం ఒకరోజు ముందు చెప్పించుకోండి. అవతలి వరసలో ఒకాయన చేపగుడ్లు తింటున్నాడు, కేవియర్ అంటారు. దానికి ముత్యపు చిప్పతో చేసిన చెంచా ఇస్తారు. వెండి చెంచా అయితే ఆ రుచి పాడవుతుందట. మన వాళ్ళు పులుసుని ఇత్తడి గిన్నెలో వుంచవద్దన్నట్టు.

వంట గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. అంత ఖరీదైన చోట కూడా పప్పు చప్పగానే అనిపించింది. వండినవాళ్ళ తప్పు కాదు. విమానం లోపల గాలి ఒత్తిడి మనం ఏ ఊటీలోనో వున్నట్టు వుంటుంది, గాలిలో తేమ మరీ తక్కువ. ముక్కు ఎండిపోతే రుచి సగం పోతుంది, జలుబు చేసినప్పుడు చూడండి. 2010లో జర్మనీలో లుఫ్తాన్సా వాళ్ళ కోసం ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు విమానంలాంటి గది కట్టి, మనుషులకి భోజనం పెట్టి పరీక్ష చేశారు. ఉప్పు, తీపి బాగా తగ్గినట్టు తెలుస్తాయి, పులుపు అంతగా తగ్గదు. నేలమీద ముట్టనివాళ్ళు కూడా పైన టమాటా రసం అడిగి తాగడానికి కారణం ఇదేనట. పైగా విమానంలో మంట వెలిగించరు. నేలమీద వండి చల్లబరిచినదాన్నే పైన ఓవెన్‌లో వేడిచేస్తారు. అందుకని అన్నం బిరుసెక్కుతుంది, పులుసు కూరలు నిలబడతాయి. నేను చేతిసంచిలోంచి కందిపొడి పొట్లం తీశాను. అమ్మాయికి డబ్బా నిండా కొట్టి, నాకు రెండు చెంచాలు కట్టుకున్నదే. కారం, జీలకర్ర పైకెళ్ళినా లొంగవు. పచ్చడి మాత్రం చేతిసంచిలో పెట్టుకోకండి. 100 మిల్లీలీటర్లు దాటిన తడి పదార్థం ఏదైనా సెక్యూరిటీలో తీసేస్తారు.

ఇక స్నానం. గది మీకు అరగంట ఇస్తారు. నీళ్ళు మాత్రం అయిదు నిమిషాలే. ఎంత మిగిలిందో చూపే దీపాలుంటాయి. మధ్యలో కట్టి మళ్ళీ తిప్పుకోవచ్చు. మున్సిపాలిటీ కుళాయి కింద పెరిగినవాళ్ళం, మనకి చెప్పాలా? తడుపుకుని కట్టేశాను, సబ్బు రాసుకుని మళ్ళీ తిప్పాను. ఒళ్ళు తుడుచుకునేసరికి ఇంకా నీళ్ళు మిగిలాయి. కాళ్ళకింద నేల గోరువెచ్చగా వుంది. ఆ నీళ్ళ బరువంతా మోసుకుని ఎగరాలి గదా, ఎంత నూనె తాగుతుందో అనుకున్నాను. ఈ విమానం తయారీ 2021తో ఆగిపోయింది. ఇప్పుడున్నవి ఎగిరినన్నాళ్ళే ఈ వైభోగం.

జడ వేసుకుని వచ్చేసరికి సీటు మంచమయింది, మీద పరుపు వేసి దుప్పటి కప్పి వుంది. సర్దినది ఆ అమ్మాయే. కెన్యా దేశపు పిల్ల. నాకొచ్చిన ఇంగ్లీషులో మాటలు కలిపాను. పురిటికి వెళ్ళి వస్తున్నానంటే కళ్ళు మెరిశాయి. తనకీ నాలుగేళ్ళ కొడుకు వున్నాడట, నైరోబీలో వాళ్ళమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఫోన్లో ఫోటో చూపించింది. "మీ అమ్మ ఎప్పుడైనా ఈ సీట్లో కూర్చుందా?" అన్నాను. "ఆవిడకి విమానమంటే భయం. అయినా బాబుని వదిలి ఎక్కడికి వస్తుంది?" అని, అవతల గంట మోగితే లేచి వెళ్ళిపోయింది.

నాకు మా కాలం గుర్తొచ్చింది. 1930లో అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు మొట్టమొదటి ఎయిర్ హోస్టెస్‌గా చేరినప్పటి నుంచీ పెళ్ళికాని పిల్లలకే ఆ ఉద్యోగం. మన ఎయిర్ ఇండియాలో కూడా ఒకప్పుడు, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఇంటికి, తొలిసారి కడుపుతో వుంటే ఇంటికి, ఇవేవీ లేకపోయినా 35 ఏళ్ళు నిండితే ఇంటికి. నర్గేష్ మీర్జా, ఆమె తోటివాళ్ళు కోర్టుకెక్కితే 1981లో సుప్రీంకోర్టు కడుపుతో వుంటే తీసెయ్యాలన్న నిబంధనని కొట్టేసింది. నాలుగేళ్ళ పెళ్ళి నిబంధనని మాత్రం అప్పుడు వుండనిచ్చింది. మా మేనత్త కూతురు అందగత్తె, ఇంగ్లీషు గడగడా మాట్లాడేది, ఆ ఉద్యోగానికి దరఖాస్తు తెప్పించుకుంది. "పెళ్ళయితే తీసేసే ఉద్యోగం దేనికే?" అని మా మావయ్య ఆ కాగితం పొయ్యిలో పెట్టాడు. ఈ కెన్యా పిల్ల ఉద్యోగం ఉద్యోగంలాగే వుంది, కొడుకు కొడుకులాగే వున్నాడు. కాకపోతే మధ్యలో ఇంకో అమ్మ కూర్చుని వుంది, నైరోబీలో.

పడక మెత్తగా వుంది. నిద్ర మాత్రం మూడుగంటలే. పాపకి పాలు పట్టే వేళకి మెలకువ వచ్చేసింది. చెయ్యి చాస్తే తలుపు తగిలింది.

దుబాయిలో విమానం మారి హైదరాబాదు వచ్చేసరికి మావారు బయట నిలబడి వున్నారు. ముందు నా కాళ్ళ వంక చూశారు. అమ్మాయి చెప్పి వుంటుంది. వాపు లేదు. విమానంలో ఇచ్చిన రాత్రి బట్టలు మనకే వుంచుకోమంటారు, అవి ఇప్పుడు బీరువాలో వున్నాయి. మీ పిల్లలు కూడా ఎప్పుడైనా ఇలాంటి సీటు కొంటే మొహమాటపడకుండా వాటిని అడిగి తీసుకోండి. ఒంటికి వెన్న రాసుకున్నట్టు వుంటాయి. నీళ్ళు ఎక్కువగా తాగండి. మంచమే వుంది గదా అని పడుకునే వుండకండి, రెండు గంటలకోసారి లేచి నడవండి.

మొన్న అమ్మాయి ఫోన్ చేసింది. పాప పట్టుకుని నిలబడుతోందట. అల్లుడుగారు మళ్ళీ మైళ్ళు కూడబెడుతున్నాడట, "ఈసారి నాన్నని కూడా మేడమీద కూర్చోబెట్టి తీసుకొస్తాం" అంది. అక్కర్లేదన్నాను. సెలవు దొరకగానే మీరే రండి, కింది సీట్లలోనే రండి అన్నాను. పాపకి రెండేళ్ళు నిండేలోపు వస్తే దానికి వేరే సీటు కూడా అవసరం లేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. క్యాలెండరు మీద ఆ తారీకు చుట్టూ మావారు ఎర్రసిరాతో సున్నా చుట్టి పెట్టారు.