పాషాణం కలిసిన కొండనీళ్లు

ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం. మరోవైపు గడ్డిపరక కూడా మొలవని గోధుమరంగు కొండలు. ఆ రెంటి మధ్య సన్నని పట్టీలా సాగిన ఊరు ఆంటోఫగాస్టా. దక్షిణ అమెరికాలో, చిలీ దేశపు ఉత్తర భాగంలో, అటకామా ఎడారి అంచున ఉంది. వాన ఇక్కడ అరుదైన చుట్టం!

ఊరికి ఉత్తరాన సముద్రంలో నిలబడిన శిలాతోరణం, లా పోర్తాదా, చూడగానే మన తిరుమల కొండ మీది తోరణం గుర్తొచ్చింది. అక్కడే సాయంత్రం దాకా గడిపి బసకు చేరాను. దాహంతో కుళాయి తిప్పి, తాగాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఇంటి పెద్దావిడ నవ్వింది. ''తాగండి, ఇప్పుడు మంచి నీళ్లే'' అన్న ఆవిడ మాటను మనవరాలు ఇంగ్లిషులోకి మార్చింది.

'ఇప్పుడు' అంటే? అప్పుడేమైంది?

1958లో ఊరి దాహం తీర్చేందుకు వందల కిలోమీటర్ల దూరంలోని ఆండీస్ పర్వతాల నుంచి గొట్టాల్లో నదీజలాలు తెచ్చారు. తేటగా, చల్లగా ఉన్న కొండనీళ్లు! ఆ కొండరాళ్లలోని ఆర్సెనిక్, అదే మన పాషాణం, వాటిలో కలిసే వచ్చింది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు సూచిస్తున్న పరిమితి 10 మాత్రమే. పిల్లల ఒంటి మీద నల్లమచ్చలు కనిపించాయి. 1970లో శుద్ధి కేంద్రం వచ్చేదాకా పన్నెండేళ్లు ఊరంతా అవే నీళ్లు తాగింది.

మరిగించి తాగితే పోయేదిగా అనుకున్నాను. పోదట. నీరు ఆవిరైన కొద్దీ విషం మరింత చిక్కబడుతుంది.

నీళ్లు బాగుపడ్డా క్యాన్సర్ ఆగలేదు. ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు దశాబ్దాల తర్వాత పెరిగాయి. నలభై ఏళ్లు గడిచినా ముప్పు తగ్గలేదని పరిశోధకులు తేల్చారు. తల్లి కడుపులో, పసితనంలో ఆ నీళ్లు చేరినవారికి మరీ ఎక్కువ. ఎడారిలో మరో నీరు లేదు కాబట్టి ఎవరు ఏ ఏడు ఏం తాగారో తేలిగ్గా తెలిసింది. ఈ ఊరి నష్టమే ప్రపంచానికి పాఠ్యపుస్తకమైంది.

''మా తమ్ముడు అరవైలో పుట్టాడు. సిగరెట్ ముట్టి ఎరగడు. నలభై నిండకుండానే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు'' అందావిడ. ఒక్కరి జబ్బు నీళ్ల వల్లే వచ్చిందని ఏ డాక్టరూ రుజువు చేయలేడు. ఆ మాట ఆవిడతో అనబుద్ధి కాలేదు.

ఇప్పుడీ ఊరు ప్రధానంగా ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు తాగుతోంది. ఆవిడ గ్లాసు నింపి ఇచ్చింది. కాస్త చప్పగా ఉన్నాయి. మరో గ్లాసు అడిగాను.