పడవ అమ్మకం

పేరాల అనగానే చదువుకున్నవారికి 1921 జ్ఞాపకం వస్తుంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా చేసి పన్నుల భారం మోపినందుకు నిరసనగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన ప్రజలు ఇళ్ళు విడిచి, ఊరి వెలుపల రామనగరంలో పాకలు వేసుకొని నెలల తరబడి నివసించారు. ఆ మహోద్యమాన్ని గురించి ఎందరో పెద్దలు వ్రాశారు, ఇంకా వ్రాస్తారు. పేరాల వాసులమైన మేము ఈనాడు వ్రాయబూనుకున్నది అంతటి విషయం కాదు. ఒక పాత పడవను అమ్మిన వృత్తాంతం మాత్రమే. అయినప్పటికీ మా విద్యార్థులు దీనిని చదివి నవ్వుకొన్నా, కొంచెం ఆలోచించినా మాకు సంతోషమే.

తెలుగు ఉపన్యాసకునికి పడవ ఎక్కడిదని మీరు అడగవచ్చు. మా తండ్రిగారు పేరాలలో వలలు, నూలుత్రాళ్ళు అమ్మేవారు. ఆరేడు కిలోమీటర్ల దూరంలోని వాడరేవు నుంచి మత్స్యకారులు మా దుకాణానికి వచ్చేవారు. వారిలో ఒక పెద్దాయనతో మా తండ్రిగారికి ముప్పై ఏళ్ళ స్నేహం. ఆయన మా తండ్రిని ‘సాయిబుగారూ’ అని, మా తండ్రి ఆయనను ‘అన్నా’ అని పిలుచుకొనేవారు. మేము బాబాయి అంటాము. తెప్పల మీద, చెక్క నావల మీద వేట చేసిన తరం ఆయనది. తరువాత తీరమంతటా ఫైబర్ బోట్లు వచ్చాయి. చెక్కకన్నా తేలిక, కెరటాలలోంచి ఇసుక మీదికి లాగడం సులభం. 2015లో వారిద్దరూ చెరిసగం పెట్టుబడి పెట్టి ఇరవై ఎనిమిది అడుగుల ఫైబర్ బోటు ఒకటి కొన్నారు. వేటలో వచ్చినదానిని పాళ్ళుగా వేసుకోవడం తీరప్రాంతపు ఆచారం. పడవకు, ఇంజనుకు, వలకు కొన్ని పాళ్ళు, వెళ్ళిన మనుషులకు తలా ఒక పాలు. ఆ లెక్కలను మా తండ్రిగారు ఒక ప్రక్క ఉర్దూలోను, ఒక ప్రక్క తెలుగులోను వ్రాసేవారు. మన కళాశాల సంచిక కూడా అదే తీరున నడుస్తున్నది కదా అని అప్పుడప్పుడు మాకు అనిపిస్తుంది.

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. గట్టు మీద కట్టి ఉంచిన మా పడవను నీరు లేపి మరొక పడవ మీదికి విసిరింది. అడుగుభాగంలో ఎడమ ప్రక్కన మూరెడు పొడవున చీలింది. పనివానిని పిలిపించి, చీలిన చోటును అరగదీయించి, లోపలా వెలుపలా ఫైబర్ పీచు పరచి, రెజిను పూయించి అతుకు వేయించారు. పైన నీలిరంగు పడ్డ తరువాత ఆ అతుకు ఎక్కడున్నదో తెలిసినవారు చెబితే తప్ప తెలియదు. పడవ మళ్ళీ వేటకు పోయింది, వచ్చింది. బాబాయి మాత్రం గాలి గట్టిగా ఉన్ననాడు దానిని దూరం పోనిచ్చేవారు కాదు.

మరుసటి సంవత్సరం రంజాన్ మాసంలో మా తండ్రిగారు కాలం చేశారు. లెక్కల పుస్తకం చూడగా ఒక టోకు వర్తకునికి ఎనభై వేల రూపాయలు బాకీ ఉన్నట్లు తేలింది. చనిపోయినవారి ఋణం తీరిన తరువాతనే వారసులు ఆస్తి పంచుకోవాలన్నది మా ధర్మం. మా తల్లిగారు ప్రతి రాత్రి ఇషా నమాజు తరువాత ఒకే మాట అడిగేవారు. “కర్జ్ సంగతి ఏం చేశావు నాయనా?” బాబాయికి కూడా వయస్సు మీదపడింది. కుమారులిద్దరూ సముద్రం విడిచి హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకొంటున్నారు. మనుమరాలు నర్సింగు చదువుతున్నది, ఆ రుసుము కట్టవలసి ఉన్నది. కనుక పడవను అమ్మివేయడానికి ఇరువురమూ నిశ్చయించాము. లక్షా అరవై వేలు వస్తే మా సగంతో బాకీ సరిగ్గా తీరుతుంది.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అరవై ఒక్క రోజులు, మరపడవలకు వేట నిషేధం. పడవలన్నీ గట్టు మీదనే ఉంటాయి కనుక చూపించడానికి అదే అనువైన కాలం. 2025 మే నెలలో ఆ ప్రయత్నం మొదలుపెట్టాము. పూర్వం అయితే రేవులో నలుగురికి చెబితే చాలు. ఇప్పుడు అంతర్జాలంలో క్లాసిఫైడ్ ప్రకటన వేయాలన్నారు. మా పూర్వ విద్యార్థి ఒకడు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. అతడు వచ్చి ఫోటోలు తీశాడు. ఆ ప్రకటనల పట్టికలో కార్లున్నాయి, మోటారు సైకిళ్ళున్నాయి, మంచాలు, బీరువాలు ఉన్నాయి. పడవకు చోటు లేదు. చివరకు ‘ఇతర వాహనాలు’ అన్నచోట చేర్చాము.

పిమ్మట ప్రకటన వ్రాయవలసి వచ్చింది. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, పదేళ్ళుగా వ్యాసరచన నేర్పుతున్న మాకు ఆ ఐదు పంక్తులు వ్రాయడానికి ఒక పూట పట్టింది. మా విద్యార్థి “కొత్తదానిలాగా ఉంది అని వ్రాయండి సార్, అందరూ అలాగే వ్రాస్తారు” అన్నాడు. అది అబద్ధమని కొట్టివేశాము. పొడవు, ఇంజను, కొన్న సంవత్సరం, ధర వ్రాశాము. తుపాను సంగతి వ్రాయబోయి ఆగిపోయాము. ఆగినది మరచిపోయి కాదు. ఆ ఒక్క వాక్యం ఎంత ధర తగ్గిస్తుందో మనస్సులో లెక్క వేసుకొని ఆగాము. అబద్ధం వ్రాయలేదు కదా, అడిగినవారికి చెబుతాము కదా అని సమాధానపడ్డాము. ‘బాగా నడుస్తున్న పడవ’ అని ముగించాము. అందులో అసత్యమేమీ లేదు. తరగతిలో అలంకారాలు చెప్పేటప్పుడు, చెప్పకుండా విడిచిన దానిలో ఎంత అర్థం ఉంటుందో ఎన్నిసార్లు బోధించామో ఆనాడు జ్ఞాపకం రాలేదు.

ఆ రాత్రి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. “చివరి రేటు ఎంత?” అన్నదే అందరి మొదటి ప్రశ్న. పడవ ఎలా ఉన్నదని అడిగినవారు తక్కువ. ఒకరు పాత మోటారు సైకిలు ఇచ్చి మార్చుకొంటారా అన్నారు. మరొకరు చెరువులో షికారుకు పనికివస్తుందా అన్నారు. మూడవనాడు హిందీలో ఒకరు మాట్లాడారు. తాము సైన్యంలో అధికారినని, తమ్ముని కోసం కొంటున్నామని, చూడనవసరం లేదని, అడిగినంతా ఇస్తామని చెప్పారు. సైనిక దుస్తుల ఫోటో, గుర్తింపు కార్డు పంపారు. లక్షా అరవై వేలకు ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు. బయానా క్రింద ఇరవై వేలు పంపుతున్నామని ఒక క్యూ.ఆర్. కోడు పంపి, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కితే సొమ్ము మా ఖాతాలో పడుతుందన్నారు.

అప్పుడు మేము వాడరేవులో బాబాయి అరుగు మీద కూర్చొని ఉన్నాము. సంతోషంతో ఫోను తెరిచాము. బాబాయి అక్షరం ముక్క చదువుకోలేదు. ఏం చేస్తున్నామో అడిగి తెలుసుకొని, “డబ్బులు మనకొచ్చేదైతే మన పెట్టె తాళం మనమెందుకు తియ్యాల మాస్టారూ?” అన్నారు. మా వ్రేలు అక్కడే ఆగిపోయింది. 2016లో యు.పి.ఐ. విధానం వచ్చినప్పటి నుంచి దాని కట్టుబాటు ఒక్కటే. సొమ్ము ఇవ్వడానికి పిన్ నొక్కాలి గాని, పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు. సైనికులమని నమ్మించి ఇట్లా దోచుకోవడం దేశమంతటా జరుగుతున్న మోసమని పత్రికలలో మేము చదివినదే. చదివిన మేము మరచిపోయాము, చదవని ఆయన తాళం లెక్కతో పట్టుకొన్నారు. విద్యార్థులారా, ఇటువంటిది జరిగితే వెంటనే 1930 అనే నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయండి.

ఆ తరువాత ఇంకొకరు వచ్చారు. కాగితాలు అక్కరలేదు, రాత్రివేళ వచ్చి నగదు ఇచ్చి తీసుకుపోతామన్నారు. బాబాయి మొహం మీదనే పొమ్మన్నారు. 2008 నవంబరులో బొంబాయి మీద దాడి చేసినవారు సముద్రంలో ఒక చేపల పడవను పట్టుకొని దానిలో వచ్చారు. ఆ పిమ్మట తీరమంతటా పడవల రిజిస్ట్రేషను, మత్స్యకారుల గుర్తింపు కార్డులు కట్టుదిట్టమయ్యాయి. నంబరు మా పేరున ఉండగా పడవ ఎవరి చేతిలోనో తిరిగితే దానికి జవాబుదారులము మేమే.

జూన్ మొదటివారంలో నిజాంపట్నం నుంచి ఒక యువకుడు భార్యతో సహా వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉండవు. ఇంతవరకు ఇతరుల పడవలలో కూలికి పోతున్నాడట. భార్య నగలు బ్యాంకులో కుదువబెట్టి సొంత పడవ కొనాలని వచ్చారు. పడవ చుట్టూ తిరిగి, ఇంజను తిప్పించి చూసి, తృప్తిపడి, బేరం కూడా పెద్దగా ఆడకుండా లక్షా అరవై వేలకు ఒప్పుకొన్నాడు. అతడు అతుకు గురించి అడగలేదు. అడగనందువల్ల మేమూ చెప్పలేదు. మా తల్లిగారికి ఆ సాయంత్రం ఏమి చెప్పాలో అప్పుడే మనస్సులో కూర్చుకొంటున్నాము.

అంతలో బాబాయి లేచి ఆ యువకుని చేయి పట్టుకొని పడవ ప్రక్కకు తీసుకుపోయారు. వంగి, అతని అరచేతిని ఎడమ ప్రక్కన రంగు మీద ఆనించి, “ఇక్కడ తడుము. తుపానులో ఇక్కడ పగిలింది. అతుకు గట్టిదే, ఏడాదిన్నర నుంచి చుక్క నీరు రాలేదు. కానీ పెద్ద గాలిలో నమ్మొద్దు. నెలకోసారి లోపలి నుంచి చూసుకోవాల” అన్నారు. ఆ యువకుడు చాలాసేపు తడిమి చూశాడు. భార్యతో ప్రక్కకు పోయి మాట్లాడి వచ్చి, లక్షా నలభై అయితే తీసుకుంటానన్నాడు. బాబాయి మావైపు చూడకుండానే సరేనన్నారు.

మాకు కోపం వచ్చింది. వారు వెళ్ళిన పిమ్మట, సగం వాటా మాది కదా, ఒక్కమాట అడగవద్దా అన్నాము. ఆయన కోపగించుకోలేదు. “బండి ఇరుసు విరిగితే రోడ్డు మీద కూర్చుంటాడు మాస్టారూ. సముద్రంలో రోడ్డేది? ఆ పిల్ల గట్టు మీద నిలబడి చూస్తా ఉంటే మన ఎనభై వేలు మనకెందుకు? మీ నాయనగారు కూడా చివికిన తాడుంటే విడిగా పెట్టి చూపించి అమ్మేవారు గాని, కట్టలో కలిపేవారు కాదు” అన్నారు.

మేము మారు పలకలేకపోయాము. దారి పొడవునా ఆలోచించాము. 1930 నాటి వస్తువిక్రయ చట్టంలో కొనేవాడే జాగ్రత్తపడాలన్న సూత్రం ఉన్నది, దానికి కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. ఇస్లాం ధర్మశాస్త్రం అమ్మేవాని వైపు నుంచి మొదలవుతుంది. వస్తువులోని ‘ఐబ్’ను, అనగా లోపాన్ని, అమ్మేవాడే చెప్పాలి. చెప్పకపోతే సరుకు తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవానికి ఉంటుంది. ఇది మాకు చిన్ననాటి నుంచి తెలుసు. తండ్రి ఋణం తీర్చాలనే ఒక ధర్మాన్ని అడ్డుపెట్టుకొని మరొక ధర్మాన్ని దాటబోయాము. దాచిన పగులు మీద వచ్చిన సొమ్ముతో తీర్చినది ఋణమెట్లా అవుతుంది? ఒకరి దగ్గరి బాకీని మరొకరి నెత్తికి మార్చడమే అవుతుంది. ఇంటికి వచ్చి మా తల్లిగారికి జరిగినదంతా, మేము మౌనంగా ఉన్న సంగతితో సహా చెప్పాము. ఆమె కొంతసేపు ఊరకుండి, “మిగిలిన పదివేలు నీ జీతంలో నుంచి కట్టు” అన్నారు. ఐదు నెలలలో కట్టివేశాము.

మత్స్యశాఖ కార్యాలయంలో పేరు మార్పిడి దరఖాస్తు ముగిసిన తరువాత, నిషేధం తొలగిన మరునాడు తెల్లవారుజామున ఆ యువకుడు ఇంకొకరిని తోడు తెచ్చుకొని పడవను నీటిలోకి దింపాడు. సూర్యలంక మీదుగా ఒడ్డు వెంబడి నిజాంపట్నం పోతామన్నాడు. బాబాయి మోకాలి లోతు నీటిలో నిలబడి, కెరటాలు దాటేవరకు చూస్తూ ఉన్నారు. సాయంత్రం చేరామని ఫోను వచ్చింది. నీరు రాలేదని ఆ యువకుడు ప్రత్యేకించి చెప్పాడు.

కళాశాల తెరిచిన తరువాత తరగతిలో ఒక వ్యాసరచన ఇచ్చాము. ఇంటిలోని ఒక పాత వస్తువును అమ్మడానికి ఐదు పంక్తుల ప్రకటన వ్రాయండి, కాని దాని లోపం మొదటి పంక్తిలోనే ఉండాలి అన్నాము. మొదట అందరూ నవ్వారు. తరువాత కలాలు ఆగిపోయాయి. వెనుక బల్లలోని ఒక అబ్బాయి వ్రాసినది ఇది: “మా సైకిలు చైను ఎత్తు ఎక్కేటప్పుడు జారుతుంది. బల్లపరుపు దారిలో బాగుంటుంది. నాలుగేళ్ళు నన్ను కళాశాలకు తెచ్చింది. కొనేవారు ముందు ఒకసారి తొక్కి చూడాలి. ధర ఎనిమిది వందలు.”

మేము మే నెలలో ఒక పూట కూర్చొని వ్రాయలేకపోయిన ప్రకటన అదే. ఆ అబ్బాయికి పూర్తి మార్కులు వేశాము.