‘ఈ’ అంటే ఈపురుపాలెం

అక్షరాల పుస్తకంలో ‘ఈ’ పక్కన ఈగ బొమ్మ ఉంటుంది. మా పాపకి నేను మాత్రం కొట్ల బోర్డుల మీద మా ఊరు ఈపురుపాలెం పేరు చూపించాను. తన ఊరు ఆ అక్షరంతోనే మొదలవుతుందని తెలిశాక, ఎక్కడ ‘ఈ’ కనబడినా వేలు పెట్టి చూపిస్తోంది. నేత ఊళ్లో పుట్టిన పిల్లలకి మాటలకేం కొదవ? ‘మ’కి మగ్గం, ‘ప’కి పడుగు, ‘నా’కి నాడె. అన్నీ రోజూ చెవిన పడేవే.

తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం కూడా. ఇంగ్లీషులో ‘సి’ అని నేర్పి, వెంటనే ‘క్యాట్’ చదవమంటే పసిపిల్లలకి ఆ ‘క’ ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ కూడా ముందు శబ్దం చెప్పి, పేరు తర్వాత చెబితే మేలు.

మనకి అసలు కష్టం వత్తుల దగ్గర. అమ్మ, నాన్న, అత్త: నోటికి ముందు వచ్చే మాటలు ఇవే. కానీ మ, న, త వత్తులకి అసలు అక్షరాలతో పోలికే ఉండదు. పుదూరి సీతారామశాస్త్రిగారు రాసిన బాలశిక్ష నాటి నుంచీ అక్షరాలు, గుణింతాలు, తర్వాతే మాటలు అన్న వరసే మనకి అలవాటు. ఆ వరస మంచిదే. అయినా ‘అమ్మ’ కోసం పిల్లని అన్నాళ్లు ఆపడం నాకు ఇష్టం లేదు. బొమ్మని గుర్తుపట్టినట్టు మాట మొత్తాన్నీ గుర్తుపట్టనిస్తున్నాను. రాయమని మాత్రం ఇప్పుడే అడగను. బియ్యప్పిండిలో వేలితో దిద్దితే చాలు.